గట్టు రోడ్డు మీద వెనక చక్రాల బండి: వానాకాలం డ్రైవింగు, టైర్ల ఎంపిక

మంచు పడే దేశాల్లో వెనక చక్రాల డ్రైవు కారుకి జనవరి ఎలాంటిదో, గోదావరి డెల్టాలో జులై నుంచి నవంబరు దాకా అలాంటిదే. మనకి మంచు లేదు. దాని బదులు నానిన చెరువుగట్టు ఉంది, వరద దిగాక తారు మీద పలచగా మిగిలే ఒండ్రు ఉంది, దమ్ము చేసి పొలంలోంచి రోడ్డెక్కిన ట్రాక్టరు రాల్చుకుంటూ పోయిన బురద గడ్డలున్నాయి. ఈ మూడింటి మీదా వెనక చక్రాల బండి చేసే పని ఒకటే: ముందుభాగం ఎటు పోతున్నా వెనకభాగం తన దారి తాను చూసుకుంటుంది. ఒక పక్క కాలవ, ఇంకో పక్క రొయ్యల చెరువు ఉన్నచోట దానికి రెండడుగుల చోటు కూడా దొరకదు. అందుకే స్టీరింగు పట్టే నేర్పు కన్నా ముందు రెండు సంగతులు తేలాలి: బండికి ఏ టైరు వేశారు, ఈరోజు ఆ గట్టు ఎక్కొచ్చా లేదా.

మీ బండి ఏ రకమో ముందు చూసుకోండి. బొలేరో, స్కార్పియో టూ వీల్ డ్రైవ్, ఇన్నోవా క్రిస్టా, ఫార్చ్యూనర్ టూ వీల్ డ్రైవ్, మారుతి ఈకో, టాటా ఏస్, బొలేరో పికప్, ఇవన్నీ వెనక చక్రాలతో నడిచేవి, అంటే ఇంజను బలం వెనక చక్రాలకే అందుతుంది. మస్టాంగ్ లాంటి స్పోర్ట్స్ కార్లూ అంతే. ఇన్నోవా హైక్రాస్, ఎర్టిగా, స్విఫ్ట్ ముందు చక్రాల బళ్లు. అనుమానం ఉంటే వంగి వెనక యాక్సిల్ చూడండి. గేరుబాక్సు నుంచి పొడవాటి షాఫ్టు వచ్చి, యాక్సిల్ మధ్యలో కుండలా ఉబ్బిన హౌసింగులో కలిస్తే మీది వెనక చక్రాల బండే. ఆ కుండ నేలకి ఎంత ఎత్తులో ఉందో కూడా అప్పుడే గుర్తుపెట్టుకోండి. బండి దిగబడినప్పుడు ముందు ఆనేది అదే.

వెనకే ఎందుకు జారుతుంది

టైరుకి నేల మీద ఉండే పట్టు చెంబులో నీళ్లలాంటిది. ముందుకు తొయ్యడానికి ఎంత వాడేస్తే, పక్కకి జారకుండా నిలబడడానికి అంత తక్కువ మిగులుతుంది. ముందు చక్రాల బండిలో పట్టు అయిపోతే ముందుభాగం తిరగకుండా తిన్నగా పోతుంది. వెనక చక్రాల బండిలో అయిపోతే వెనకభాగం పక్కకి జారి బండి అడ్డం తిరుగుతుంది. ఎక్సలేటర్ గట్టిగా తొక్కినప్పుడే ఇలా అవుతుందనుకుంటారు చాలామంది. కాదు. మూడో గేరులో పోతూ ఒక్కసారి రెండో గేరులోకి లాగి క్లచ్ వదిలేసినా అవుతుంది. ఇంజను బిగపట్టేది వెనక చక్రాలనే కాబట్టి, హ్యాండ్ బ్రేకు లాగినట్టే వెనక జారుతుంది. గట్టు నుంచి పొలంలోకి దిగే ర్యాంపు దగ్గర జరిగే ప్రమాదాలకి ఇదొక పెద్ద కారణం.

రెండో సంగతి బరువు. ఖాళీ పికప్‌కి ఇంజను, క్యాబిను, డ్రైవరు అంతా ముందే. వెనక ఉత్త తొట్టె. మేత బస్తాలు దింపేసి ఖాళీగా తిరిగొచ్చే బండి, వెళ్లేటప్పుడు నడిచిన గట్టు మీదే వచ్చేటప్పుడు జారడం అందుకే. పికప్‌లో రెండు యాభై కిలోల ఇసుక బస్తాలు వేసుకోండి. బొలేరో లాంటి దానిలో ఒకటి చాలు. బస్తా సరిగ్గా వెనక చక్రాల మధ్యన, యాక్సిల్ మీదికి రావాలి. తొట్టె చివర, డోరు దగ్గర వేస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ. తోక ఒకసారి ఊగడం మొదలెడితే ఆ బరువు దాన్ని ఇంకా దూరం ఈడ్చుకుపోతుంది. తాడుతో కట్టండి. ఎప్పుడైనా దిగబడితే ఆ ఇసుకే టైరు కింద పోసుకోవచ్చు, ఆ గోనే టైరు కింద పరుచుకోవచ్చు.

టైరు సంగతి

మంచుకి చేసిన టైరు మన బురదకి పనికిరాదు. దాని వెనక కారణం తెలిస్తే మనకేం కావాలో సగం అర్థమవుతుంది. మంచు టైరు రబ్బరు మెత్తగా ఉంటుంది. మామూలు రబ్బరు 7 డిగ్రీల లోపు చలికి బిగుసుకుపోతుంది కాబట్టి దానికి ఆ మెత్తదనం కావాలి. దాని గాళ్లలో మంచు కూరుకుంటే మంచిదే, ఎందుకంటే మంచుకి మంచు అతుక్కుంటుంది. గాడిలో నిండిన మంచు కింద ఉన్న మంచుని పట్టుకుని బండిని లాగుతుంది. బురద తీరు దానికి పూర్తిగా వ్యతిరేకం. గాడిలో బంకమట్టి నిండిందా, ఎంత కొత్త టైరైనా గుండు టైరే. కాబట్టి బురద టైరుకి ఉండాల్సిన మొదటి గుణం, నిండిన మట్టిని చక్రం తిరిగేటప్పుడు తనంతట తాను విదిలించుకోవడం. గాళ్లు వెడల్పుగా ఉండాలి, రబ్బరు దిమ్మలు ఎడంగా ఉండాలి, గాడి గోడలు కాస్త వాలుగా ఉండాలి. విదేశాల నుంచి వచ్చిన వాడిన మంచు టైర్లు ఎక్కడైనా చవగ్గా దొరికినా తీసుకోకండి. మన మే నెల తారు మీద ఆ మెత్తటి రబ్బరు సబ్బులా అరిగిపోతుంది. టైరు పక్కన ఎం+ఎస్ అనే గుర్తు కనిపిస్తుంటుంది. బురద, మంచు రెండిటికీ అని దాని అర్థం. అది గాళ్ల ఆకారం చూసి కంపెనీ వేసుకునే గుర్తే, దాన్ని ఒక్కదాన్నే నమ్మి కొనొద్దు.

షాపులో మూడు మాటలు వింటారు: హెచ్‌టీ, ఏటీ, ఎంటీ. హెచ్‌టీ తారురోడ్డు టైరు. ఏటీ అన్ని దారులకీ. ఎంటీ అచ్చంగా బురదకి. మీ తిరుగుడంతా రావులపాలెం నుంచి తణుకు, భీమవరం నుంచి పాలకొల్లు మధ్య తారు మీదే అయితే మంచి హెచ్‌టీయే తీసుకోండి. తడి తారు మీద బ్రేకు పట్టేది అదే. వారంలో రెండు మూడు రోజులైనా చెరువుగట్టో, పొలాల మధ్య పుంతబాటో, నది మధ్య లంకో ఎక్కాల్సి ఉంటే ఏటీ. అపోలో ఆప్టెరా, యోకోహామా జియోలాండర్, సియట్ క్రాస్‌డ్రైవ్ వరుసల్లో ఏటీ టైర్లున్నాయి. మీ సైజులో ఏది దొరుకుతుందో, దాని గాళ్లు పైన చెప్పినట్టున్నాయో లేదో చేత్తో తడిమి చూసి తీసుకోండి. ఏటీ వేస్తే రొద కాస్త పెరుగుతుంది, మైలేజీ కాస్త తగ్గుతుంది. ఎంటీ మాత్రం రోజూ తిరిగే బండికి వద్దు. దాని పెద్ద దిమ్మలు తడి తారు మీద తక్కువ పట్టుకుంటాయి, మన తిరుగుడులో తారు వాటా ఎక్కువ.

చిన్న పికప్‌లకి లెక్క వేరు. టాటా ఏస్‌కి వచ్చే 145 ఆర్12 ఎల్‌టీ 8 ప్లై (ఎల్‌టీ అంటే చిన్న లారీలకి చేసిన టైరు) లాంటి సైజుల్లో షాపువాళ్లు రిబ్ అనీ లగ్ అనీ అంటారు. రిబ్ అంటే చుట్టూ నిలువు గీతల టైరు, స్టీరింగుకి మంచిది, ముందు వేసుకోవాలి. లగ్ అంటే అడ్డంగా కోసిన దిమ్మల టైరు, తోసేటప్పుడు మట్టిని పట్టుకునేది, వెనక వేసుకోవాలి. నాలుగూ రిబ్ వేసుకుని చెరువుగట్టు మీద దిగబడే బళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. ఒక యాక్సిల్ మీద లోపలి అల్లిక వేరైన టైర్లు, అంటే ఒకటి రేడియల్, ఒకటి నైలాన్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు.

వెడల్పు టైరు మీద మోజు చాలామందికి ఉంటుంది. బొలేరోకి వచ్చే 215/75 ఆర్15 అంటే 215 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 75 శాతం పక్కగోడ ఎత్తు, 15 అంగుళాల రిమ్ము. దీన్ని తీసి ఇంకా వెడల్పుది వేస్తే చూడ్డానికి బాగుంటుంది. కానీ పైన నాలుగంగుళాల బురద, కింద గట్టి గ్రావెల్ ఉన్న గట్టు మీద సన్నటి టైరే బురదని కోసుకుని కింది గట్టిదనాన్ని అందుకుంటుంది. వెడల్పుది పైనే తేలుతుంది, జారుతుంది. తారు మీద నిలిచిన నీళ్లలోనూ అదే కథ. వెడల్పు పనికొచ్చేది ఇసుకలో. అంతర్వేది, ఓడలరేవు వైపు తీరం ఇసుకలోనో, లంకల్లో ఇసుక మేట మీదో తిరిగేవాళ్లకి తేలడమే కావాలి.

కొనేటప్పుడు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాల చివర నాలుగు అంకెలు చదవండి. 3224 అని ఉంటే 2024లో 32వ వారం తయారైందని. ఆరేళ్లు దాటిన టైరు గాళ్లు ఎంత బాగున్నా పక్కగోడలో సన్న పగుళ్లు వెతకండి, వెలుతురు పెట్టి. గాడి లోతుకి చట్టం పెట్టిన హద్దు కార్లకి 1.6 మి.మీ. గాడి మధ్యలో ఉండే చిన్న గట్లు రబ్బరుతో సమమైతే ఆ హద్దు వచ్చేసినట్టే. కానీ అది ఎండాకాలానికి. వానాకాలం మొదలయ్యేసరికి 3 మి.మీ. కన్నా తక్కువుంటే మార్చెయ్యండి. పిల్లల జామెట్రీ స్కేలు గాడిలో నిలబెట్టి కొలిస్తే చాలు, మూడు చోట్ల: లోపలి అంచు, మధ్య, బయటి అంచు. లోపలి అంచు ఎవరూ చూడరు, ఎక్కువగా అరిగేది అక్కడే. అలా ఉంటే టైరు మార్చేముందు చక్రాల అలైన్‌మెంట్ చేయించండి.

డబ్బు రెండు టైర్లకే ఉంటే ఆ రెండు కొత్తవీ వెనక్కే వెళ్లాలి. పంక్చర్ షాపులో కొత్తవి ముందు వేస్తామంటారు, స్టీరింగు ముందుంది కదా అని. ఒప్పుకోకండి. ముందు టైరు జారితే స్టీరింగు తేలికవుతుంది, మీ చేతికి తెలుస్తుంది, వేగం తగ్గిస్తారు. వెనక టైరు ముందుగా చెప్పదు. చెప్పేసరికి బండి అడ్డంగా ఉంటుంది.

గాలి

మామూలు గాలి ఎంతో డ్రైవరు డోరు పక్క స్టిక్కరు మీద ఉంటుంది. పొద్దున్నే టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. తారు మీద వానలో దాన్ని తగ్గించకండి. గాలి తక్కువైతే పట్టు పెరుగుతుందన్న నమ్మకం నిలవ నీటి విషయంలో తప్పు. విమానాల టైర్ల మీద నాసా తేల్చిన లెక్క ప్రకారం, అరిగిన టైరు నీటిమీద పూర్తిగా తేలిపోయే వేగం గాలిని బట్టి ఉంటుంది. 36 పీఎస్ఐ ఉంటే గంటకు దాదాపు 100 కి.మీ. దగ్గర, 25 పీఎస్ఐకి దిగితే 83 దగ్గరే తేలుతుంది. పూర్తిగా తేలకముందే పట్టు సన్నగిల్లుతుంది కాబట్టి నిలవ నీరున్న చోట 60 దాటకుండా పోవాలి.

గట్టు మీద బురదలో మాత్రం తగ్గించాలి. ఖాళీ బొలేరో లాంటి దానికి 20 నుంచి 22 పీఎస్ఐ. టైరు నేల మీద పరుచుకుంటుంది, దిమ్మలు విచ్చుకుని మట్టి విదిలిస్తాయి. దిగబడితే 18. పదిహేను కిందికి పోతే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొచ్చే ప్రమాదముంది. లోడున్న పికప్‌కి ఈ పని చెయ్యొద్దు, ఎల్‌టీ టైరు ఆ బరువుని గాలితోనే మోస్తుంది. తగ్గించినవాళ్లు తారెక్కేముందు మళ్లీ కొట్టుకోవాలి. బ్యాటరీతో నడిచే చిన్న పంపు, ఒక గేజి డిక్కీలో లేకుండా గాలి తియ్యకండి.

గట్టెక్కే ముందు

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలవల గట్లే నేటికీ ఎన్నో ఊళ్లకి రోడ్లు. కాలవలోంచి తీసిన మట్టే గట్టయింది. పైన గ్రావెలో తారో పరిచినా లోపల అదే జిగురు మట్టి. చెరువుగట్టుకైతే పైన ఆ గ్రావెల్ కూడా ఉండదు.

బండి ఆపి దిగండి. మట్టి చిటికెడు తీసి, తడిగా ఉండగా రెండు వేళ్ల మధ్య నలుపుతూ తాడులా పేనండి. వానపామంత సన్నగా, తెగకుండా సాగిందంటే అది అసలైన బంకమట్టి. వెంటనే తునిగిపోయిందంటే ఇసుకపాలు ఉన్నట్టు, కాస్త నయం. తర్వాత మడమతో గట్టిగా అదిమి తీసి అర నిమిషం చూడండి. ఆ గుంటలో నీరు ఊరుతుంటే గట్టు లోపలి దాకా నానిపోయింది. ఆ గట్టు ఆ రోజు ఎక్కకండి, ఏ టైరున్నా సరే. నడిచి వెళ్లండి, మోటారు సైకిలైతే తోసుకెళ్లండి. గుంట పొడిగా ఉండి, అంచు పగలకుండా నిలబడితే మెల్లగా పోవచ్చు. నీటివైపు అంచున పీతల బొరియలు, ఎలుకల కన్నాలు ఉన్నాయేమో చూడండి. పైకి గడ్డి కప్పి ఉన్న ఆ అంచు లోపల డొల్లగా ఉంటుంది.

నడపడం

వేగం 15 నుంచి 20 కి.మీ., రెండో గేరు. బయల్దేరడమూ రెండో గేరులోనే. మొదటి గేరులో చక్రానికి అందే బలం ఎక్కువ కాబట్టి గిర్రున తిరిగిపోతుంది. క్లచ్ మెల్లగా వదిలి ఎక్సలేటర్ ఎంత తక్కువ తొక్కితే అంత మంచిది. ఒకసారి కదిలాక ఆ వేగం పెంచకుండా తగ్గించకుండా గట్టు చివరి దాకా తీసుకుపోండి. మధ్యలో గేరు మార్చొద్దు, ఆపొద్దు. ఎదురుగా ఎవరైనా వస్తున్నారేమో ముందే చూసుకుని, అవసరమైతే ఒక మనిషిని అవతలి కొసకి పంపి నిలబెట్టాకే ఎక్కండి.

గట్టు నడిమధ్యన ఉండండి. ముందు వెళ్లిన బండి గాళ్లు చేసి ఉంటే, లోతు మీ హౌసింగ్ ఎత్తు కన్నా తక్కువైనప్పుడు ఆ గాళ్లలోనే పోండి. అవి పట్టాల్లా బండిని పట్టుకుంటాయి. లోతెక్కువైతే ఒక చక్రం మధ్య దిబ్బ మీద, ఇంకోటి గాడికి అవతల పెట్టాల్సి వస్తుంది. ఇరుకు గట్టు మీద అంత చోటుండదు, అప్పుడు వెనక్కి రావడమే దారి.

ర్యాంపు ఎక్కడం వెనక చక్రాల బండికి సులువే. బరువు వెనక్కి వాలి చక్రాలు నొక్కుకుంటాయి. దిగడమే కష్టం. పై నుంచే రెండో గేరులో పెట్టుకుని, బండి పూర్తిగా తిన్నగా ఉన్నాకే దిగండి. దిగుతూ స్టీరింగు తిప్పొద్దు, దిగుతూ గేరు దించొద్దు. బ్రేకు వేస్తే వేలితో నొక్కినంత మెత్తగా. 2019 ఏప్రిల్ తర్వాతి కార్లన్నిటికీ ఏబీఎస్ ఉంది, చక్రం బిగుసుకుపోకుండా అది చూస్తుంది. కానీ వదులు బురదలో అది ఉన్నప్పుడు బండి ఆగడానికి ఇంకాస్త దూరమే పడుతుంది. ఆ దూరం లెక్కలో పెట్టుకోండి.

వెనక జారిందనుకోండి. మొదట కాలు: ఎక్సలేటర్ తొక్కినందుకు జారితే కాలు మెల్లగా పైకి తియ్యండి, ఒక్కసారి వదిలెయ్యకండి. గేరు దించినందుకు జారితే క్లచ్ నొక్కండి, చక్రాలు స్వేచ్ఛగా దొర్లుతాయి. బ్రేకు జోలికి పోవద్దు. చేతులు: తోక ఎటు పోతోందో స్టీరింగు అటే తిప్పండి, కొంచెం. కళ్లు: బండి ఎటు వెళ్లాలో అటు చూడండి, కాలవ వైపు చూశారంటే చేతులు అటే లాగుతాయి. తోక వెనక్కి రావడం మొదలెట్టగానే స్టీరింగు తిన్నగా చెయ్యాలి. ఇక్కడ ఆలస్యమైతే రెండో ఊపు మొదటిదానికన్నా పెద్దగా, అవతలి వైపుకి వస్తుంది. వాన పడ్డ ఒక ఆదివారం పొద్దున ఖాళీ మైదానంలో ఇరవై కిలోమీటర్ల వేగంతో దీన్ని పదిసార్లు చేసి చూడండి. చదివి గుర్తుపెట్టుకున్నది గట్టు మీద గుర్తు రాదు, చేతికి అలవాటైనదే వస్తుంది.

దిగబడితే

చక్రం మొదటిసారి గిర్రున తిరిగిందని తెలిసిన క్షణమే కాలు తియ్యండి. రేజ్ చేస్తే చక్రం తన గొయ్యి తాను తవ్వుకుంటుంది. రెండు నిమిషాల్లో హౌసింగు మట్టికి ఆని, చక్రాలు గాల్లో తిరిగినట్టు తిరుగుతాయి. అప్పుడిక ట్రాక్టరే దిక్కు.

ముందు మీరొచ్చిన గాళ్లలోనే వెనక్కి రావడానికి చూడండి, ఆ దారి అప్పటికే అణిగి ఉంది. రాకపోతే పారతో చక్రాల ముందు మట్టి వాలుగా తీసి, హౌసింగు కింద ఆనుతున్న మట్టి కూడా లాగెయ్యండి. గాలి 18కి దించండి. చక్రం ముందు గోనె, దాని మీద కొబ్బరి మట్టలు. మట్టని పొడుగ్గా పెడితే టైరు దాని మీద జారుతుంది. అడ్డంగా, దగ్గర దగ్గరగా, నిచ్చెన మెట్లలా పరవాలి, మొదలువైపు వెడల్పు ముక్కలు చక్రానికి దగ్గరగా. చక్రం గిర్రున తిరగకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్ ఉంటే ఈ కాసేపు ఆపెయ్యండి, లేకపోతే అది ఇంజను బలం కోసేస్తుంది.

ఆ హౌసింగు లోపల ఉండి ఇంజను బలాన్ని రెండు వెనక చక్రాలకీ పంచే గేర్ల అమరికే డిఫరెన్షియల్. అది మామూలుదైన బండిలో ఒక చక్రం గిర్రున తిరుగుతుంటే రెండోది కదలకుండా నిలబడుతుంది. బలమంతా తేలిగ్గా తిరిగే చక్రానికి పోతుంది. హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే ఉంటుంది కనుక దాన్ని రెండు మూడు క్లిక్కులు లాగి మెల్లగా ఎక్సలేటర్ ఇవ్వండి. తిరిగే చక్రం బరువెక్కి, బలం కొంత రెండోదానికి మళ్లుతుంది. కదలగానే వదిలెయ్యండి. బొలేరో నియోలో ఎన్10 ఆప్షన్ మోడల్‌కి దానంతట అదే బిగుసుకునే లాకింగ్ డిఫరెన్షియల్ ఉంది, దానికి ఈ పని అక్కర్లేదు.

మంచు దేశాల్లో చక్రానికి గొలుసులు కడతారు. మన దగ్గర కొబ్బరి తాడు ఆ పని చేస్తుంది. రిమ్ములో కన్నాలుంటే తాడుని కన్నంలోంచి దూర్చి టైరు మీదుగా అడ్డంగా తిప్పి, ఎడంగా నాలుగైదు చోట్ల బిగించి కట్టండి. గాలి నాజిల్‌కి, లోపలి బ్రేకు గొట్టానికి తాడు తగలకూడదు, కొసలు వేలాడకూడదు. నడిచే వేగం దాటకుండా పోయి గట్టి నేల రాగానే విప్పెయ్యండి.

తోసేవాళ్లు పక్కల నుంచి తోయాలి. వెనక చక్రానికి సూటిగా వెనక ఎవరూ నిలబడకూడదు, కొబ్బరి మట్ట బాణంలా వస్తుంది. ట్రాక్టరుతో లాగిస్తే తాడు బండికి ఇచ్చిన హుక్కుకే కట్టాలి, బంపరుకీ స్టీరింగు రాడ్డుకీ వద్దు. తాడు మీద తడి గోనె వెయ్యండి, తెగినా ఎగిరి కొట్టదు. ట్రాక్టరు గట్టు అంచుకి రాకుండా చూడండి, దాని బరువుకి అంచు విరిగితే రెండూ కాలవలోకే.

బండి నీళ్లలోకి పోతే తలుపు తెరవాలని చూడకండి, నీటి ఒత్తిడికి అది రాదు. బెల్టు విప్పి, పవర్ విండో ఇంకా పనిచేస్తుండగానే అద్దం దించి, అందులోంచి బయటికి రావాలి. పిల్లలు ముందు. దిగకపోతే పక్క అద్దం మూలన కొట్టాలి, ముందు అద్దం పగలదు. మీకున్న సమయం ఒక నిమిషం లోపే. గట్టు మీద ప్రయాణం చేసే బండిలో అద్దం పగలగొట్టే చిన్న సుత్తి డ్రైవరు చేతికి అందేచోట ఉండాలి.

వరద, కాజ్‌వేలు

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటిది వచ్చిందని వినగానే లంకలో ఉన్న బండిని ఇవతలి ఒడ్డుకి తెచ్చేసుకోండి. కాజ్‌వే మీద పారే నీరు ఒక అడుగు ఉన్నా చిన్న కారు తేలుతుంది, రెండడుగులు దాదాపు ఏ బండినైనా పక్కకి తోసేస్తుంది. కాజ్‌వే మీద నీరు పారుతుంటే దాటకండి. పారకుండా నిలిచిన నీరైతే, సగం చక్రం లోతు దాకా, మొదటి గేరులో ఆగకుండా పోయి, అవతల రెండు మూడుసార్లు బ్రేకు మెత్తగా నొక్కి ఆరబెట్టుకోండి.

వరద తగ్గాక కాజ్‌వే మీద వేలెడు మందం ఒండ్రు ఉంటుంది. పైన ఎండి పెచ్చుకట్టినట్టు కనిపిస్తుంది, కింద వెన్నలా ఉంటుంది. గట్టుకి చెప్పిన పద్ధతే దానికీ. పంటు (బళ్లను రేవు దాటించే పడవ) దిగేటప్పుడు కూడా అంతే. తడి ఇనప ర్యాంపు మీద బురద చక్రాలతో రేజ్ చేస్తే తోక పక్కకి పోతుంది.

తారు మీద

జూన్‌లో పడే మొదటి జల్లులు జోరు వాన కన్నా ప్రమాదం. నెలల తరబడి పేరుకున్న నూనె, దుమ్ము మీద నీళ్లు పడి జారుడు పేస్టవుతుంది. అరగంట గట్టిగా కురిశాక కొట్టుకుపోతుంది. భీమవరం, ఆకివీడు చుట్టూ చేపల లారీల నుంచి కారే ఐసు నీళ్లతో వాన లేని రోజు కూడా మలుపుల్లో రోడ్డు తడిగా, జిగురుగా ఉంటుంది. కోతల రోజుల్లో రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం ఇంకోటి. వడ్ల గింజల మీద బ్రేకు వేస్తే చక్రం కింద గోళీలు పోసినట్టే. దూరం నుంచే వేగం తగ్గించి, అవతలి పక్కకి రండి. అది ఒక రైతు పంటంతా, దాని మీద చక్రం పోనియ్యకండి.

స్పోర్ట్స్ కారున్నవాళ్లకి ఒక మాట. ఆ కార్లకి వెనక టైరు ముందు టైరు కన్నా వెడల్పు ఉండే సైజులు వస్తాయి, వాటిని ముందూ వెనకా మార్చుకోవడం కుదరదు కాబట్టి వెనకవి త్వరగా అరుగుతాయి. అరిగిన వెడల్పు టైరు, ఎక్కువ బలం, నిలవ నీరు కలిసినప్పుడు 216 జాతీయ రహదారి మీద కూడా తోక తిరుగుతుంది. వానలో వెట్ మోడ్ ఉంటే పెట్టండి, బండి అడ్డం తిరగకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ఎప్పుడూ ఆపకండి, వెనక గాళ్లు 4 మి.మీ. కిందికి వస్తే మార్చెయ్యండి. నేలకి అంత దగ్గరగా ఉండే కారుని గట్టెక్కించకండి.

ఇంటికొచ్చాక చక్రం బయట కడిగి వదిలెయ్యకండి. పైపుతో రిమ్ము లోపలివైపు కొట్టండి, అక్కడ అరకిలో మట్టి ఉంటుంది. అది ఎండితే 70 దాటగానే స్టీరింగు వణుకుతుంది, అలైన్‌మెంట్ పోయిందనుకుని షాపు చుట్టూ తిరుగుతారు. ఉప్పునీటి చెరువుల దగ్గర తిరిగిన బండైతే అడుగుభాగం, హ్యాండ్ బ్రేకు కేబుల్ కూడా మంచినీళ్లతో కడగాలి. తాడుని, గోనెల్ని ఆరేసి మళ్లీ డిక్కీలో పెట్టుకోండి.